ఆరో ముక్క

పోయినవారం ఓర్లాని వంటింట్లో, చేతిలో రెండు కాగితాలతో వదిలేశాం. ఒకటి బడి నుంచి వచ్చిన ఉత్తరం. నాలుగున్నరేళ్ళ నూలా సెప్టెంబరులో బ్రెస్ట్ ఊరి బడిలో చేరిన దగ్గర్నుంచి తరగతిలో ఒక్క మాటా మాట్లాడలేదు కాబట్టి, గురువారం సాయంత్రం మనస్తత్వ నిపుణురాలితో సమావేశం ఉంది, తల్లిదండ్రులిద్దరూ రావాలి. రెండోది ఓడ టిక్కెట్లు. చలికాలం ఆగిపోయిన ఓడ మార్చిలో మళ్ళీ మొదలవుతుంది. ఫ్రాన్సు ఒడ్డున రోస్కాఫ్ రేవులో ఎక్కితే మర్నాడు పొద్దున్నకి ఐర్లండులో, వాళ్ళ సొంతూరు కార్క్‌లో దింపుతుంది. ఇంట్లో ఉన్నది నలుగురు. ఓర్లా కొన్నది మూడు టిక్కెట్లు.

భర్త డెక్లన్ ఆ టిక్కెట్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. సముద్రంలో గాలిమరలు నిలబెట్టే కంపెనీతో అతని ఒప్పందం ఇంకా రెండేళ్ళుంది.

"గురువారం దాకా ఆగు," అన్నాడు చివరికి. "అప్పటికీ పిల్ల నోరు విప్పకపోతే నేనే రేవుకొచ్చి చెయ్యి ఊపుతాను."

"ఆగుతాను," అంది ఓర్లా.

ఇవాళ ఆదివారం. జనవరి ఆరు.

*

జనవరి ఆరున కార్క్‌లో ఆడవాళ్ళు పని ముట్టరు. దాన్ని ఆడవాళ్ళ క్రిస్మస్ అంటారు. పండగ పన్నెండు రోజులూ వండి వార్చిన చేతులకి ఆ ఒక్క రోజు సెలవు. ఊరు మారినా డెక్లన్ ఆ మర్యాద మరవలేదు. పొద్దుటి నుంచీ పువ్వుల ఏప్రన్ కట్టుకుని తిరుగుతున్నాడు. బంగాళాదుంపలు మాడ్చాడు, తెల్ల చొక్కాలని ఎర్ర మేజోడుతో కలిపి ఉతికాడు. ఓర్లా ఆకుపచ్చ గౌను వేసుకుని, కిటికీ పక్క కుర్చీలో చుట్టంలా కూర్చుంది. బయట వాన రేవు వైపు నుంచి అడ్డంగా కొడుతోంది.

నాలుగింటికి కింది వాటా మదామ్ తాంగీ పైకొచ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, ఉన్ని చెప్పులు, గుడ్డ కప్పిన పళ్ళెం. పళ్ళెంలో తను చేసిన రాజుల గలెట్. పొరలు పొరలుగా కాల్చి, మధ్యలో బాదం ముద్ద కూరిన గుండ్రటి రొట్టె.

గిన్నెల దగ్గర డెక్లన్‌ని చూసి ఆవిడ గుమ్మంలోనే ఆగింది.

"ఏమ్మా, మీ ఆయనకి ఉద్యోగం పోయిందా?"

"మా ఆడవాళ్ళ పండగ మదామ్. ఇవాళ నేను కుర్చీలోంచి లేవకూడదు."

"ఏడాదికి ఎన్ని రోజులు?"

"ఒక్కటే."

"ఒక్కటైనా ఒక్కటే. నా పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదు ఈ సంగతి. చెప్పుంటే సముద్రం దాటొచ్చి మీ ఊళ్ళో చేసుకునేదాన్ని."

"రాకపోవడమే మంచిదైంది," అన్నాడు ఏడేళ్ళ కార్మక్. "నాన్న వంట తినాల్సొచ్చేది." నాలుగు నెలల్లో వాడు ఫ్రెంచి నేర్చుకున్నది తల్లి తప్పులు దిద్దడానికే అన్నట్టు ఉంటాడు.

డెక్లన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "మదామ్, తాళంచెవి మళ్ళీ పూలకుండీ కిందేనా? దొంగలు మీకు గుడి కడతారు."

"దొంగ నా కుండీ దాకా రావాలంటే వీధి తలుపు కోడ్ తెలియాలి. పదకొండేళ్ళుగా అక్కడే పెడుతున్నాను. ఒక్కళ్ళూ తీయలేదు."

చివరి మాట ఆవిడ గొప్పగా అనలేదు. ఓర్లా అది గమనించింది, కానీ ఆ లోపలే డెక్లన్ కత్తి పట్టుకుని గలెట్ మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు.

"ఎన్ని ముక్కలు?" అంది మదామ్.

"ఐదు. మనం ఐదుగురం. ఒక్కోటి డెబ్బై రెండు డిగ్రీలు."

"ఇంజనీరుకి కత్తిస్తే ఇంతే. ఆరు కొయ్యి."

"ఆరోది ఎవరికి?"

"రానివాళ్ళకి. మా ఇంట్లో ఎప్పుడూ ఒక ముక్క రానివాళ్ళకి ఉంటుంది." ఆవిడ కత్తి లాక్కుని తనే కోసింది. "లోపల పింగాణీ పడవ ఉంది, నీలం రంగుది. నా పెళ్ళినాటిది. ఎవరి ముక్కలో దొరికితే వాళ్ళకి ఈ బంగారు కాగితం కిరీటం. కొరికి పళ్ళు విరగ్గొట్టుకుంటే నాకు సంబంధం లేదు. ఇక, అందరికన్నా చిన్నవాళ్ళు బల్ల కింద కూర్చోవాలి. ఏ ముక్క ఎవరిదో వాళ్ళు చెప్పాలి. వాళ్ళకి ముక్కలు కనపడవు కాబట్టి అన్యాయం జరగదు."

ఓర్లా వీపు నిటారైంది.

"కార్మక్ కూర్చుంటాడు," అంది.

"అందరికన్నా చిన్నవాళ్ళు అన్నాను."

"మదామ్, అది మాట్లాడదు. మీకు తెలుసు."

"నాకు తెలిసింది ఒకటే. మెట్ల మీద నేను దాన్ని పలకరించిన ప్రతిసారీ నువ్వే జవాబు చెప్పావు. పేరేంటే అంటే నువ్వు చెప్పావు. బిస్కెట్ కావాలా అంటే నువ్వు వద్దన్నావు."

"బయటివాళ్ళ ముందు దాన్ని ఇబ్బంది పెట్టొద్దని డాక్టరు చెప్పారు."

"నేను బయటిదాన్నా?"

ఓర్లా కుర్చీలోంచి లేచింది. నాలుగు నెలల నుంచి గొంతులో ఆపుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. "పొద్దున్న బడి దగ్గర దాని చెయ్యి విడిపించుకునేటప్పుడు మీరు ఒక్కసారి వచ్చి చూడండి. ఆ తర్వాత నాకు చెప్పండి, ఎవరు మాట్లాడాలో, ఎవరు మాట్లాడకూడదో."

"కూర్చో ఓర్లా," అన్నాడు డెక్లన్ మెల్లగా. "ఇవాళ పోట్లాటలు కూడా నేనే చెయ్యాలి. నీకు సెలవు."

కార్మక్ బల్ల వైపు వేలు చూపించాడు.

"ఎందుకు కొట్టుకుంటున్నారు? అది ఎప్పుడో వెళ్ళిపోయింది."

నూలా కుర్చీ ఖాళీగా ఉంది. బల్లగుడ్డ అంచు కింద ఎర్ర మేజోడు వేసుకున్న బొటనవేలు ఒకటి కనబడుతోంది.

మదామ్ తాంగీ మొదటి ముక్క మీద కత్తి ఆనించి, బల్లతో మాట్లాడుతున్నట్టు అడిగింది. "ఇది ఎవరికి?"

వాన చప్పుడు. ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఓర్లా మనసులో లెక్కపెట్టుకుంటోంది. పది దాటితే ఆట ఆపేయాలనుకుంది. ఎనిమిది. తొమ్మిది.

"ఇది మదామ్ తాంగీకి."

ఫ్రెంచిలో. గొణుగుడు కాదు, పాఠం అప్పజెప్పినట్టూ కాదు. వీధిలో పిల్ల ఎవరో కిటికీలోంచి పిలిచినంత మామూలుగా.

డెక్లన్ చేతిలో గుడ్డ జారింది. ఓర్లా కదలలేదు. కదిలితే ఆ గొంతు ఆగిపోతుందని భయం.

"ఇది ఎవరికి?" అంది మదామ్. ఆవిడ గొంతులో మార్పేమీ లేదు.

"నాన్నకి. పెద్దది ఇవ్వండి, గిన్నెలన్నీ తోమాడు."

"ఇది?"

"కార్మక్‌కి. చిన్నది ఇవ్వండి."

"అన్యాయం," అన్నాడు కార్మక్.

"ఇది?"

"అమ్మకి. ఇంకోటి నాకు. ఇక లాగించండి దొరలూ, ఓడ ఎవరికోసమూ ఆగదు."

ఈసారి మదామ్ చెయ్యి ఆగింది.

"ఈ మాట దీనికి ఎవరు నేర్పారు?"

అందరూ కార్మక్ వైపు చూశారు. "నేను కాదు. నాకసలు తెలీదు ఆ మాట."

"ఇది బడి ఫ్రెంచి కాదు," అంది మదామ్. "రేవు మాట. మా ఆయన రోజూ భోజనం దగ్గర అనేవాడు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఆ యాస కూడా..." ఆవిడ మాట పూర్తి చేయలేదు. పళ్ళెంలో ఒక్క ముక్క మిగిలింది. దాన్ని ఎవరికని అడగక్కర్లేదు, అది రానివాళ్ళది. అయినా చేతి అలవాటు కొద్దీ కత్తి దాని మీదికి వెళ్ళింది. "ఇక ఇది..."

"అది ఈవోన్‌కి," అంది బల్ల కింది గొంతు.

మదామ్ తాంగీ కత్తిని బల్ల మీద పెట్టింది. నిద్రపోతున్న పసిపిల్ల పక్కన పెట్టినట్టు, చప్పుడు కాకుండా పెట్టింది. తర్వాత కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది. డెక్లన్ కుర్చీ జరిపాడు.

"ఈవోన్ ఎవరు మదామ్?"

"నా కొడుకు."

పదకొండేళ్ళ కిందట కింది వాటా వంటింట్లో తండ్రీ కొడుకులు గొడవపడ్డారు. ఆ రాత్రే ఈవోన్ చేపల ఓడ ఎక్కాడు. మొదటి ఏడాది రెండు కార్డులొచ్చాయి, తర్వాత ఏమీ లేదు. ఇదంతా ఆవిడ నాలుగు ముక్కల్లో చెప్పింది. "ఈ మేడలో ఆ పేరు నేను కూడా పైకి అనను. మీ పిల్లకి ఎవరు చెప్పారు?"

ఓర్లా వంగి బల్లగుడ్డ ఎత్తింది.

"నూలా, ఈవోన్ ఎవరు? నీకెక్కడ కనిపించాడు? ఏం మాట్లాడాడు నీతో?"

గుడ్డ కింద ఒక చిన్న ముఖం. చూస్తుండగానే అది మూసుకుపోయింది. పెదవులు లోపలికి, చూపు నేల మీదికి.

ఓర్లాకి ఆ ముఖం బాగా తెలుసు. రోజూ సాయంత్రం నాలుగున్నరకి బడి గేటు దగ్గర కనిపించే ముఖం. ఇవాళ ఏం చేశావు, ఎవరితో ఆడుకున్నావు, టీచరుతో మాట్లాడావా? ఈ మూడు ప్రశ్నలూ కోటు గుండీలు పెట్టేలోపే అయిపోయేవి. గేటు దగ్గర తను అడిగేది. లోపల టీచరు అడిగేది. మెట్ల మీద మదామ్ అడిగేది. ఫోనులో కార్క్ నుంచి అమ్మమ్మ అడిగేది. నాలుగు నెలలుగా ఈ పిల్లని అందరూ అడుగుతూనే ఉన్నారు.

ఆమె ఆకుపచ్చ గౌను దగ్గరికి లాక్కుని బల్ల కిందికి పాకింది. మోకాళ్ళు ముడుచుకుని కూతురి పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు.

లోపలి నుంచి లోకం వేరుగా ఉంది. డెక్లన్ రెండు కాళ్ళకీ రెండు రంగుల మేజోళ్ళు. కార్మక్ కుర్చీ కాలి మీద బబుల్‌గమ్. మదామ్ ఉన్ని చెప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఓర్లా వాటినే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి ఒక చిన్న చెయ్యి వచ్చి ఆమె మోచేతి మీద ఆనింది.

"ఈవోన్ ప్లేట్లు తీస్తాడు," అంది నూలా ఇంగ్లీషులో, గుసగుసగా.

ఓర్లా తల ఊపింది.

"బడి భోజనాల గదిలో. నేను నెమ్మదిగా తింటా కదా. అందరూ ఆడుకోడానికి వెళ్ళిపోతారు. ఈవోన్ బల్లలు తుడుస్తాడు. నన్ను ఏమీ అడగడు."

"ఏమీ..." ఓర్లా నాలుక కరుచుకుంది.

"ఒకటే అడుగుతాడు. కింద మామ్మ నిన్న ఏం వండింది అని. ఆకుపచ్చ తలుపు ఇల్లు మాది, కింద మామ్మ ఉంటుంది, మెట్లన్నీ సూప్ వాసన అని ఒకరోజు చెప్పా. అప్పుడు ఒక ప్లేటు పగిలిపోయింది. అప్పట్నుంచి రోజూ అడుగుతాడు. నేను వాసన చూసి చెప్తా. తెలీకపోతే వేలు పెట్టి చూపిస్తే ఈవోన్ మాట చెప్తాడు. ఉల్లికాడలు. క్యాబేజీ. చేప తల. నాకన్నీ వచ్చు ఇప్పుడు."

పైన బల్ల మీద ఒక అరచెయ్యి పడిన చప్పుడు. మదామ్‌కి ఇంగ్లీషు రాదు. కార్మక్ ఒక్కో మాటా ఆవిడకి తిప్పి చెబుతున్నాడు, ఈసారి తన వెక్కిరింతలేవీ కలపకుండా. నాలుగు నెలలుగా తన పొయ్యి మీద ఏం ఉడికిందో తన కొడుక్కి రోజూ తెలుస్తోందని ఆవిడకి అప్పుడు తెలిసింది.

కార్మక్ తల గుడ్డ కిందికి వచ్చింది. "మామ్మకి చెప్పొద్దని అన్లేదా?"

"అన్నాడు."

"మరి చెప్పేశావుగా."

"నేను చెప్పలేదు," అంది నూలా, అన్న తెలివితక్కువతనానికి జాలిపడుతూ. "బల్ల కింద ఉన్నవాళ్ళు చెప్పరు. ముక్కలు పంచుతారంతే."

*

ఓర్లా బయటికి వచ్చేటప్పటికి మోకాళ్ళు నొప్పి పుట్టాయి. కోపం కూడా వచ్చింది.

తప్పెవరిదీ కాదని ఆమెకి తెలుసు. తరగతి గది బాధ్యత టీచరుది. భోజనాల గది మునిసిపాలిటీ వాళ్ళది. మధ్యాహ్నం టీచర్లు తమ గదిలో తింటారు, పిల్లల్ని ఏప్రన్‌లు కట్టుకున్న వేరే మనుషులు చూసుకుంటారు. నూలా టీచర్ రియూ నాలుగు నెలలుగా రాసిన ప్రతి మాటా నిజమే. ఆవిడ చూడని గంటన్నర గురించి రాయడం ఎవరి పనీ కాలేదు.

"రేపు పొద్దున్నే హెడ్మాస్టరమ్మ దగ్గరికి వెళ్తాను," అంది ఓర్లా. "ఎవరో మనిషి నాలుగు నెలలుగా నా కూతురితో రోజూ మాట్లాడుతుంటే, రహస్యాలు దాచమంటుంటే, నాకు తెలియకపోవడం ఏమిటి?"

"వాడు ఎవరో మనిషి కాదు," అంది మదామ్.

"నాకు ఎవరోనే మదామ్. మీక్కూడా పదకొండేళ్ళుగా ఎవరోనే."

అన్నాక ఓర్లాకి నాలుక కొరుక్కోవాలనిపించింది. మదామ్ మాత్రం తల ఊపింది.

"నిజమే. నీ బిడ్డ, నీ హక్కు. వెళ్ళు. ఏం జరుగుతుందో మాత్రం నేను చెబుతాను. వాళ్ళు వాడిని ఆఫీసు గదిలోకి పిలుస్తారు. తలుపు వేస్తారు. తలుపు వేసిన గదిలో నా కొడుకు ఇంతవరకూ నిలబడలేదు. ఏప్రన్ విప్పి వంకీకి తగిలించి, ఇంకో పదకొండేళ్ళు పోతాడు. నాకు అన్నేళ్ళు లేవు."

"మరి గురువారం నేనేం చెప్పాలి? మా అమ్మాయి ఫ్రెంచి మాట్లాడుతుంది, సాక్షి ఎవరో మాత్రం అడక్కండి అనా? నోరు విప్పని పిల్లల జాబితాలో దాని పేరు రాస్తారు. నేను పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతాను. ఇతను ఒక్కడూ ఇక్కడ బంగాళాదుంపలు మాడ్చుకుంటాడు."

చెబితే ఆవిడ కొడుకు పోతాడు. చెప్పకపోతే ఈ ఇల్లు రెండు ముక్కలవుతుంది.

"నిర్ణయాలు కూడా పనే," అన్నాడు డెక్లన్. "ఇవాళ నీకు సెలవు. ముందు తినండి."

తిన్నారు. అంత కోపంలోనూ గలెట్ బాగుంది. పొరలు పటపటమని విరిగాయి, బాదం ముద్ద ఇంకా వెచ్చగా ఉంది. కార్మక్ తన ముక్కని ఫోర్కుతో తవ్వాడు. డెక్లన్ జాగ్రత్తగా నమిలాడు. నూలా తండ్రి ఒళ్ళో కూర్చుని వేళ్ళన్నీ నాక్కుంది. ఐదు పళ్ళాలూ ఖాళీ అయ్యాయి. పడవ ఎవరికీ దొరకలేదు.

అందరి చూపులూ ఆరో ముక్క మీదికి వెళ్ళాయి.

"ఈవోనే రాజు," అంది నూలా.

మదామ్ తాంగీ బంగారు కిరీటాన్ని మడవబోయి, ఆరో ముక్క పక్కనే పెట్టింది. ఓర్లా ఆ కిరీటాన్ని చూసింది. ఆమె బడి నియమం ఒక్కటీ తప్పి ఎరగని మనిషి. మేజోళ్ళ మీద కూడా పిల్లల పేర్లు కుట్టింది. బయటి తిండి బడిలోకి తేకూడదని గేటు మీద పెద్ద అక్షరాలతో ఉంది, రోజూ చదువుతూనే ఉంది.

లేచి గూట్లోంచి మైనం కాగితం తీసింది. ఆరో ముక్కని మధ్యలో పెట్టి నాలుగు వైపులా మడిచింది.

"ఓర్లా, సెలవు," అన్నాడు డెక్లన్.

"ఇది పని కాదు. నూలా, ఇది రేపు నీ సంచిలో ఉంటుంది. మదామ్, రేపు సాయంత్రం దాకా నేను ఆగుతాను. ఆ తర్వాత నేను చెప్పాల్సింది చెబుతాను. కొడుక్కి ఏమైనా చెప్పి పంపుతారా?"

ఆవిడ ఆలోచించింది.

"వద్దు. ముక్క చాలు. ఇంకేం చెప్పినా అడిగినట్టే ఉంటుంది."

*

సోమవారం నాలుగుంపావుకి ఓర్లా, మదామ్ ఇద్దరూ బడికి బయల్దేరారు. మదామ్ తాంగీ ఆదివారాలు కట్టుకునే నీలం రుమాలు కట్టుకుంది. తాళంచెవి కుండీ కింద పెట్టింది. వీధిలోకి వచ్చాక వంటింటి దీపం ఆర్పానా లేదా అని వెనక్కి తిరిగింది. ఓర్లా కూడా చూసింది. కింది కిటికీ చీకటిగా ఉంది. దీపం ఊరికే వెలిగితే ఆ రోజంతా ఆవిడకి అన్నం సహించదని మేడ మొత్తానికీ తెలుసు.

బడి గేటు దగ్గర గొడుగులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. కార్మక్ ముందుగా వచ్చి తల్లి కోటులో దూరాడు. చిన్నపిల్లల గుమ్మంలోంచి టీచర్ రియూ నూలా చెయ్యి పట్టుకుని వచ్చింది. మామూలుగా గుమ్మం దగ్గరే వదిలేసే మనిషి గేటు దాకా వచ్చింది.

"ఒక్క నిమిషం ఆగుతారా? భోజనాల గదిలో ఇవాళ చిన్న సంగతి జరిగింది. పాప సంచిలో ఏదో తినేది తెచ్చిందట. అది వేరే విషయం, తర్వాత మాట్లాడదాం. దాన్ని అక్కడ పనిచేసే ఆయనకి ఇచ్చిందట. ఆయన నిలబడే తిన్నాడట. తిని, పని మధ్యలో ఏప్రన్ విప్పి వంకీకి తగిలించి వెళ్ళిపోయాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇలా ఎప్పుడూ చేయలేదని అంటున్నారు."

మదామ్ తాంగీ చెయ్యి గేటు కమ్మీని పట్టుకుంది. నిన్న తను చెప్పిన మాటలే ఇంకొకరి నోట వచ్చాయి. ఏప్రన్, వంకీ, అన్నీ. ఓర్లా చూపు తన చేతుల మీదికి వెళ్ళింది. ముక్క పంపింది తనే. మైనం కాగితం మడిచింది తన చేతులే.

"ఏం జరిగిందో పాపని అడిగాం," అంది టీచర్. "కానీ మీకు తెలుసు కదా..."

ఓర్లా వానలోనే మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె నోట్లో పది ప్రశ్నలున్నాయి. ఒక్కటీ బయటికి రానివ్వకుండా కూతురి కోటు గుండీ పెట్టింది. రెండోది పెట్టింది. మూడో గుండీ దగ్గర నూలా పిడికిలి విప్పింది.

నీలం పింగాణీ పడవ.

తర్వాత ఆ పిల్ల తల ఎత్తి మదామ్ తాంగీ వైపు చూసింది. గేటు దగ్గరున్న గొడుగులన్నిటికీ వినిపించేలా, రేవు యాసలో, ఫ్రెంచిలో చెప్పింది.

"పారిపోలేదు మామ్మా. తలుపు కోడ్ అడిగాడు. నేను చెప్పేశా."

టీచర్ రియూ గొడుగు ఒక పక్కకి ఒరిగిపోయింది. వాన ఆవిడ జుట్టు మీద పడుతున్నా సరిచేసుకోలేదు.

"ఇప్పుడు... పాప ఏమంది?"

"కోడ్ చెప్పేసిందట," అన్నాడు కార్మక్. "అమ్మా, అదే నేను చెప్పుంటే చంపేసేదానివి."

"నూలా," అంది టీచర్, గొంతు సవరించుకుని, "నీకు మాట్లాడటం వచ్చా?"

నూలా ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "మీరు భోజనాల గదికి రారు కదా, మీకెలా తెలుస్తుంది?"

ఓర్లా లేచింది. నవ్వుతోందో ఏడుస్తోందో వానలో తెలియలేదు. ఇంటి దారిలో నడుస్తూనే డెక్లన్‌కి ఫోనులో కబురు పంపింది. 'గురువారం దాకా ఆగక్కర్లేదు, నోరు విప్పింది.' అటు నుంచి జవాబు వచ్చేలోపే వాళ్ళు వీధి మలుపు తిరిగారు.

మదామ్ తాంగీ ఆగిపోయింది.

ఆకుపచ్చ తలుపు వేసే ఉంది. తలుపు అద్దంలోంచి చూస్తే, లోపల పూలకుండీ ఉండాల్సిన చోటు నుంచి జానెడు పక్కకి జరిగి ఉంది. కింది వంటింటి కిటికీలో దీపం వెలుగుతోంది.

"నేను ఆర్పాను," అంది ఆవిడ. "నువ్వూ చూశావు."

"చూశాను మదామ్."

కిటికీ తెర మీద ఒక నీడ కదిలింది. పొడుగాటి మగమనిషి నీడ, పొయ్యి మీదికి వంగి ఉంది. మదామ్ రుమాలు ముడి విప్పింది, మళ్ళీ వేసుకుంది. అడుగు ముందుకు వేయబోయి ఉన్నచోటనే నిలబడిపోయింది. పొడుగాటి నీడ పక్కన, కుర్చీ మీద నిలబడి, ఇంకొక నీడ ఉంది. చాలా చిన్నది. రెండు పిలకలు.

పెద్దవాళ్ళిద్దరూ ఒకేసారి నూలా వైపు తిరిగారు. ఎవరూ ఏమీ అడగలేదు. అయినా నూలా పడవని జేబులో దాచుకుని తల అడ్డంగా ఊపింది.

"ఆ పాప గురించైతే ఈవోన్ అస్సలు చెప్పొద్దన్నాడు," అంది. "ఇక్కడ బల్ల లేదు."